మంజూషకం నుండి మంజుషాగే వరకు: ఎర్ర స్పైడర్ లిల్లీ పెంపకం – పేరు చరిత్ర, ఆకలి చరిత్ర

వ్యాససంగ్రహం

తోటల్లో అలంకారానికి పెంచే ఎర్ర స్పైడర్ లిల్లీకి తూర్పు ఆసియాలో సుదీర్ఘమైన సాంస్కృతిక చరిత్ర ఉంది. చైనా, జపాన్ దేశాలలో అది వరిపొలాల గట్ల మీద, శ్మశానాల అంచున పెరిగిన మొక్క. కరువులో ఆహారం, మామూలు రోజుల్లో విషం. జపానులో దీనికి ఉన్న ‘మంజుషాగే’ అనే పేరుకు మూలం సంస్కృత బౌద్ధ వాఙ్మయంలోని ‘మంజూషకం’. ఈ పేరు చేసిన ప్రయాణాన్ని, దాని చుట్టూ పుట్టిన లోకనిరుక్తిని, ఇంటి తోటలో ఈ మొక్కను నాటకూడదన్న నిషేధం వెనుక ఉన్న ఆకలి చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: స్పైడర్ లిల్లీ, మంజూషకం, సద్ధర్మపుండరీకం, లోకనిరుక్తి, కరువు ఆహారం, హిగన్‌బనా.

1. ఉపోద్ఘాతం

మా కళాశాల ఆవరణలో తెలుగు శాఖ మెట్ల పక్కన తెల్లని పూలు పూసే ఒక మొక్కల వరుస ఉంది. ఆకులు కత్తుల్లా పొడవుగా ఉంటాయి. పూరేకులు సన్నగా సాగి సాలీడు కాళ్లను గుర్తుకు తెస్తాయి. మొక్కలకు పేరుపలకలు పెట్టే పని విద్యార్థులకు అప్పగించినప్పుడు ఒక విద్యార్థిని దీనికి ‘హిగన్‌బనా – మృత్యుపుష్పం’ అని రాసుకొని వచ్చింది. ఎక్కడిదమ్మా ఈ పేరు అని అడిగితే, జపాను యానిమేషన్ కథల్లో చూశానని, ఇలాంటి పువ్వును ఇంట్లో పెంచకూడదట సార్ అని చెప్పింది. ఆ పలకను వెంటనే దిద్దడం సులభమే. కానీ ఆ అమ్మాయి చెప్పిన రెండు మాటలూ, అంటే పేరూ నిషేధమూ, ఎక్కడినుండి వచ్చాయో వెతకడం మొదలుపెట్టాక ఆ దారి చాంగాన్ నగరంలోని అనువాదశాల వరకు, అక్కడినుండి తిరిగి సంస్కృతం వరకు తీసుకుపోయింది. ఈ వ్యాసం ఆ వెతుకులాట ఫలితం.

ముందుగా ఒక స్పష్టత అవసరం. ‘స్పైడర్ లిల్లీ’ అన్నది ఒక మొక్క పేరు కాదు. పూల ఆకారాన్ని బట్టి అమరిల్లిస్ కుటుంబంలోని పలు ప్రజాతులకు తోటమాలులు పెట్టుకున్న ఉమ్మడి పేరు. మన ప్రాంతంలోని ఉద్యానాల్లో, కార్యాలయాల ముంగిళ్లలో, రహదారుల మధ్య పూలపాదుల్లో తెల్లగా పూసేది ఎక్కువగా హైమెనోకాలిస్. అది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలకు చెందినది. దాని పూరేకుల నడుమ కేసరాలను కలుపుతూ పలుచని పొరతో ఒక గిన్నె ఉంటుంది. పొర, అందం అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటల కలయికే ఆ పేరు. సముద్రతీరాల్లో, చెరువు గట్లపై పెరిగే క్రైనమ్ మరొకటి. అది ఆసియా మొక్క. దానికి ఆ పొరగిన్నె ఉండదు. ఈ వ్యాసానికి విషయమైనది మూడవది, ఎర్రనిది. దాని శాస్త్రనామం లైకోరిస్ రేడియేటా. చైనా, జపాన్, కొరియా దేశాల చరిత్రలో కనిపించేది ఇదే.

2. ఆకు చూడని పువ్వు

లైకోరిస్‌ను పెంచాలనుకునేవారు మొదట అర్థం చేసుకోవలసింది దాని తలకిందులైన కాలచక్రం. చాలా మొక్కలు వసంతంలో చిగురించి, వేసవిలో ఎదిగి, చలికాలంలో నిద్రపోతాయి. ఇది శరదృతువు చివర ఆకులు వేస్తుంది. చుట్టుపక్కల గడ్డి ఎండిపోయి, చెట్లు ఆకులు రాల్చి, ఎండ నేరుగా నేలకు తగిలే చలికాలమంతా ఆ ఆకులు ఆహారం సంపాదించి గడ్డలో దాచిపెడతాయి. వసంతం ముగిసేసరికి ఆకులు పూర్తిగా ఎండిపోతాయి. వేసవిలో నేల మీద ఆ మొక్క ఉన్న జాడే ఉండదు. సెప్టెంబరులో ఒక మంచి వాన పడిన కొద్ది రోజులకు ఆకు అన్నదే లేకుండా ఒంటి కాడ నేలను చీల్చుకొని వస్తుంది. దాని తలన నాలుగు నుండి ఏడు వరకు పూలు గుత్తిగా విచ్చుకుంటాయి. పూరేకులు వెనక్కి చుట్టుకుపోతాయి, కేసరాలు వాటిని దాటి పొడవుగా బయటికి వస్తాయి.

కాబట్టి తోటలో దీనిని నాటే పద్ధతి కూడా ఈ చక్రాన్ని అనుసరించే ఉంటుంది. ఆకులు ఎండిన తరువాత, పూలకాడ రాకముందు గడ్డను నాటాలి. గడ్డ మెడ నేలమట్టానికి దగ్గరగా ఉండాలి. వేసవిలో గడ్డ నిద్రలో ఉన్నప్పుడు నీరు నిలిస్తే కుళ్లిపోతుంది. చలికాలంలో ఆకులను చూసి కలుపు అనుకొని కోసేస్తే మరుసటి ఏడాది పువ్వు ఉండదు. నాటిన గడ్డను కదిలిస్తే ఒకటి రెండేళ్లు పూయకుండా అలకబూనడం కూడా దీని స్వభావం.

పువ్వు ఉన్నప్పుడు ఆకు లేకపోవడం, ఆకు ఉన్నప్పుడు పువ్వు లేకపోవడం చూసినవారి మనసుల్లో బలంగా నాటుకుంది. జపానులో దీన్ని ‘ఆకు చూడదు, పువ్వు చూడదు’ అనే అర్థం వచ్చే పేరుతోనూ పిలిచారు. కొరియాలో ఇదే ప్రజాతికి చెందిన మరో మొక్కకు ‘సాంగ్సాహ్వా’ అని పేరు. ఒకరినొకరు తలచుకుంటూ కలవలేని ప్రేమికుల పువ్వు అని దాని భావం. మన ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే విప్రలంభమే ఈ మొక్కకు స్థాయి.

అయితే ప్రతిచోటా ఈ ఎడబాటును శృంగారంగా చదవలేదు. 9వ శతాబ్దానికి చెందిన తాంగ్ యుగపు రచయిత దువాన్ చెంగ్‌షి ‘యూయాంగ్ జాజు’ అనే తన వింతల సంకలనంలో ‘బంగారు దీపం’ అనే మొక్కను ప్రస్తావించాడు. దాని పువ్వూ ఆకూ ఒకదాన్నొకటి చూసుకోవని, అందుచేత లోకులు దానిని ఇళ్లలో నాటడానికి ఇష్టపడరని, దానికి ‘ధర్మం తప్పిన గడ్డి’ అనే మరో పేరు ఉందని నమోదు చేశాడు. ఆ బంగారు దీపం లైకోరిస్ ప్రజాతిదేనని సాధారణంగా గుర్తిస్తారు. జాతి ఏదో కచ్చితంగా తేల్చడం కష్టం. మా విద్యార్థిని విన్న నిషేధానికి వెయ్యేళ్లకు పైబడిన పూర్వరూపం ఇక్కడ కనిపిస్తున్నది. గమనించవలసిన సంగతి ఏమిటంటే అందులో చావు ప్రసక్తి లేదు, విషం ప్రసక్తి లేదు. ఒకే ఇంటివారు ఒకరి ముఖం ఒకరు చూసుకోకపోవడం కుటుంబధర్మానికి విరుద్ధం అన్న భావన మాత్రమే ఉంది. చావు వాసన తరువాత, మరో దేశంలో, మరో కారణంగా అంటుకుంది.

3. మంజూషకం: ఒక మాట ప్రయాణం

సద్ధర్మపుండరీక సూత్రం గృధ్రకూట పర్వతం మీద ఆరంభమవుతుంది. బుద్ధుడు సమాధిస్థితిలో ప్రవేశించగానే ఆకాశం నుండి పూలవాన కురుస్తుంది. ఆ పూలను సూత్రం నాలుగు పేర్లతో చెబుతుంది: మాందారవాలు, మహామాందారవాలు, మంజూషకాలు, మహామంజూషకాలు. ఇవి దేవలోకపు పూలు. ఏ నేల మీద పెరిగే ఏ మొక్కనూ ఈ సందర్భంలో ఉద్దేశించలేదు.

ఈ సూత్రాన్ని క్రీ.శ. 406లో చాంగాన్‌లో కుమారజీవుడు చైనా భాషలోకి అనువదించాడు. ఈయన తండ్రి భారతీయుడు, తల్లి కూచా రాజకుటుంబానికి చెందినది. ఈ అనువాదమే తూర్పు ఆసియా అంతటా ప్రామాణికంగా నిలిచింది. పూల పేర్ల దగ్గరికి వచ్చేసరికి కుమారజీవుడు అర్థాన్ని అనువదించకుండా ధ్వనిని మాత్రమే చైనా అక్షరాలలోకి తెచ్చాడు. ‘మంజూష’ అనే ధ్వనికి మూడు అక్షరాలు వాడి, చివర ‘పువ్వు’ అనే అర్థం గల నాలుగవ అక్షరాన్ని చేర్చాడు. సంస్కృతంలోని చివరి ‘క’కారం పోయి ఆ స్థానంలో చైనా మాట వచ్చిందన్నమాట. ఆ నాలుగు అక్షరాలకు జపాను ఉచ్చారణ ‘మంజుషాగే’. తెలుగు వ్యాకరణ దృష్టితో చూస్తే ఇది ఒక మిశ్రసమాసం. పూర్వపదం మంజుష, ఉత్తరపదం గే. విభజన 3 + 1.

మంజూషకం అంటే ఏమిటి అన్న ప్రశ్న చైనా వ్యాఖ్యాతలకూ ఎదురైంది. కొందరు దానిని మెత్తనిదిగా వివరించారు. కొందరు రంగులు కేటాయిస్తూ మాందారవం తెల్లనిదని, మంజూషకం ఎర్రనిదని చెప్పారు. తెలుగు పాఠకుడికి వెంటనే స్ఫురించేది పెట్టె అనే అర్థం గల ‘మంజూష’. గ్రంథనామాలలో ఈ మాట మనకు సుపరిచితం. కానీ పూలవాన సందర్భంలో పెట్టెకు పనిలేదు. మనోహరం, కోమలం అన్న అర్థాలు గల ‘మంజు’ శబ్దానికి దగ్గరగా దానిని అర్థం చేసుకోవడమే సందర్భానికి తగినది. మెత్తనిది అన్న చైనా వివరణ కూడా ఆ దిక్కుకే మొగ్గుతుంది.

ఎర్రనిదన్న వ్యాఖ్యానం దివ్యపుష్పం నేలకు దిగడానికి వీలు కల్పించి ఉంటుందని భావించవచ్చు. జపానులో ఆ పేరు చివరకు గట్ల మీద పూసే ఎర్ర పువ్వుకు స్థిరపడింది. దానితోపాటు కురిసిన మాందారవం గతి మరీ ఆసక్తికరం. చైనాలోనూ జపానులోనూ ‘మందార పుష్పం’ అనే పేరు ఉమ్మెత్తకు దక్కింది. 1804లో జపాను వైద్యుడు హనఓకా సెయిషూ రోగికి పూర్తిగా మత్తు కలిగించి రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స చేసినప్పుడు వాడిన మందులో ప్రధాన ద్రవ్యం ఈ ‘మందారమే’. అంటే ఆకాశం నుండి కురిసిన పూలజంట తూర్పు ఆసియా నేలను తాకేసరికి రెండూ విషపు మొక్కలయ్యాయి.

తెలుగులో ఇదే పరిణామం మరో దారిలో జరిగింది. అమరకోశం చెప్పే 5 దేవతరువులలో మందారం, పారిజాతం, సంతానం, కల్పవృక్షం, హరిచందనం ఉన్నాయి. వీటిలో మందారం మనకు పెరటి మొక్క అయింది. పూజకు, తలనూనెకు, జడలోకి పనికివచ్చే ఆ ఎర్ర పువ్వును పిలిచేటప్పుడు దేవలోకం ఎవరికీ గుర్తురాదు. పారిజాతం తెల్లవారేసరికి రాలిపోయే నారింజ కాడల చిన్నపువ్వయింది. దివ్యనామాన్ని ఇంటి మొక్కకు పెట్టుకోవడం ఇరుచోట్లా ఉన్నదే. కానీ మనం ఆ పేరును పెరట్లోకి తెచ్చుకున్నాం. జపాను పల్లెల్లో ఆ పేరు గల మొక్కను ఇంట్లోకి రానివ్వలేదు. ఒకే సూత్రంలోని పేర్లు రెండు సమాజాలలో ఇంత భిన్నంగా స్థిరపడటానికి కారణం భాషలో లేదు, ఆ మొక్కల గుణంలో ఉంది.

ఇటీవలి కాలంలో చైనా నుండి ఒక కథ విస్తృతంగా ప్రచారంలోకి వచ్చింది. పూర్వం ఇద్దరు దేవదూతలు ఉండేవారట. ‘మంజు’ పువ్వుకు కాపలా, ‘షాగే’ ఆకుకు కాపలా. ఒకరినొకరు చూడాలన్న కోరికతో విధి తప్పి కలుసుకున్నందుకు శాపం పొందారట. నాటి నుండి పువ్వూ ఆకూ కలవవట. యానిమేషన్ కథల ద్వారా మన విద్యార్థుల వరకు వచ్చింది ఈ రూపమే. దీనిని ప్రాచీన బౌద్ధగాథగా పరిచయం చేసేవారూ ఉన్నారు. పదాన్ని విడదీసి చూస్తే ఇది నిలవదు. కథ 2 + 2గా విభజించింది. మాట నిర్మాణం 3 + 1. ‘షాగే’ అనే పదమే లేదు. సంస్కృత మూలం మరుగునపడిన తరువాత, అక్షరాలు మాత్రమే కళ్లముందు ఉన్న పాఠకులు వాటిని సమానంగా పంచి ఇద్దరు వ్యక్తులను సృష్టించారు. లోకనిరుక్తికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు. కథ అబద్ధమని తోసిపుచ్చడం నా ఉద్దేశం కాదు. ఆకు చూడని పువ్వు అన్న పాత ఆశ్చర్యమే కొత్త పాత్రలను వెతుక్కున్నది. కాకపోతే దాని వయస్సు విషయంలో మోసపోకూడదు.

జపానులో ఈ మొక్కకు ఎక్కువ వాడుకలో ఉన్న పేరు ‘హిగన్‌బనా’. హిగన్ అంటే ఆవలి ఒడ్డు. సంస్కృత ‘పారం’ అన్న మాటకు బౌద్ధ అనువాదం అది. ‘పారమిత’ శబ్దాన్ని ఆవలి తీరం చేరడంగా వివరించిన సంప్రదాయం నుండి వచ్చింది. వసంత, శరద్విషువత్తులు నడుమ వచ్చేలా 7 రోజులు జరిపే ఆచారానికి కూడా హిగన్ అనే పేరు. 806లో రాజాజ్ఞతో ఇలాంటి సూత్రపఠనం జరిగినట్లు జపాను రాజచరిత్రలో ఉంది. ఆ వారంలో కుటుంబాలు పూర్వుల సమాధుల దగ్గరికి వెళతాయి. సరిగ్గా ఆ వారంలోనే ఈ పువ్వు పూస్తుంది. మన మహాలయ పక్షం కూడా ఇంచుమించు ఇదే కాలానికి వస్తుంది. ఈ రెండింటి మధ్య చారిత్రక సంబంధం ఉందనడానికి ఆధారం లేదు కనుక ఆ పోలికను ఇంతటితో వదిలివేస్తున్నాను.

4. గట్టు మీది గడ్డ

పేరు చరిత్ర పండితులది. గడ్డ చరిత్ర రైతులది.

జపానులోని ఎర్ర స్పైడర్ లిల్లీకి విత్తనం కట్టదు. దాని కణాల్లో 33 క్రోమోజోములు ఉంటాయి. అంటే అది త్రయస్థితికం, వంధ్యం. చైనాలో 22 క్రోమోజోములు గల ద్వయస్థితిక రూపం కూడా ఉంది. అది విత్తనాలనిస్తుంది. జపానులో ఉన్నది గడ్డ చీలి పిల్లగడ్డలు వేయడం ద్వారా మాత్రమే పెరుగుతుంది. గడ్డకు రెక్కలు లేవు. పక్షి తినదు, గాలి మోయదు. వరద నీరు కొంత దూరం దొర్లిస్తుంది. అంతకు మించి ఈ మొక్క ఎక్కడ కనిపించినా ఎవరో ఒకరు గడ్డను చేత పట్టుకొని వచ్చి నాటారని అర్థం. అడవి లోపల ఇది కనిపించదు. పొలం గట్లు, కాలువ ఒడ్లు, బాటల పక్కలు, గుడి ఆవరణలు, సమాధులు, అంటే మనుషులు మసలే చోట్లే దీని నివాసం. వృక్షశాస్త్రజ్ఞుడు మయేకవా ఫుమియో 1943లో ‘చరిత్రపూర్వ ఆగంతుక మొక్కలు’ అనే భావనను ప్రతిపాదించినప్పుడు, వరిసాగుతో పాటు ఖండం నుండి వచ్చిన మొక్కలలో దీనినీ చేర్చాడు. రాక ఎప్పుడన్నది నేటికీ చర్చనీయాంశమే. ‘మాన్యోషూ’ సంకలనంలోని ఒక పద్యంలో కనిపించే ‘ఇచిషి’ అనే పువ్వు ఇదేనని మకినో తొమితారో వాదించాడు. అందరూ అంగీకరించలేదు. ఆ ఒక్క అనుమానాస్పద ప్రస్తావనను పక్కన పెడితే, ప్రకృతిని అంత సూక్ష్మంగా గమనించిన జపాను ప్రాచీన సాహిత్యం ఇంత ప్రస్ఫుటమైన ఎర్రని పువ్వు గురించి దాదాపు మౌనం వహించింది. ఆస్థాన కవులకు కనిపించని మొక్క ఇది. రైతులకు మాత్రం దీనితో పని ఉంది.

ఏమిటా పని? సాధారణంగా చెప్పే సమాధానం ఎలుకలు, పందికొక్కులవంటి తవ్వే జంతువులను దూరంగా ఉంచడం. గడ్డలో లైకోరిన్ అనే ఆల్కలాయిడ్ ఉంటుంది. తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. 1897లో మొరిషిమా అనే జపాను శాస్త్రవేత్త ఈ మొక్కలోని ఆల్కలాయిడ్లపై పరిశోధన ప్రచురించాడు. గట్టుకు బొరియ పడితే మడిలోని నీరంతా పోతుంది. కాబట్టి గట్టు మీద విషపు గడ్డలు నాటారని, శవాలను పూడ్చిన చోట జంతువులు తవ్వకుండా సమాధుల చుట్టూ నాటారని చెబుతారు. దీని వేళ్లు ముడుచుకుంటూ గడ్డను లోపలికి లాగి మట్టిని పట్టి ఉంచుతాయి కనుక గట్టు గట్టిపడుతుంది కూడా. ఈ వివరణలో నిజం ఉంది. కానీ పూర్తి నిజం ఉన్నదని నేను అనుకోవడం లేదు.

చైనాలో మింగ్ వంశానికి చెందిన రాకుమారుడు జు సు 1406లో ‘జియుహువాంగ్ బెన్‌సావ్’ అనే గ్రంథాన్ని వెలువరించాడు. కరువుకాలంలో తినదగిన 414 మొక్కలను బొమ్మలతో సహా వివరించే గ్రంథం అది. అందులో ‘కాకి వెల్లుల్లి’ అనే మొక్క ఉంది. దాని గడ్డను ఉడికించి, నీటిలో నానబెట్టి, బాగా కడిగి, నూనె, ఉప్పు కలిపి తినాలని పద్ధతి చెప్పాడు. 1596లో వెలువడిన లి షిజెన్ ఔషధ గ్రంథం ‘బెన్‌సావ్ గాంగ్‌ము’ ఈ కాకి వెల్లుల్లిని ‘రాతి వెల్లుల్లి’కి పర్యాయంగా ఇస్తుంది. నేటికీ చైనాలో లైకోరిస్ రేడియేటాకు రాతి వెల్లుల్లి అనే పేరు.

కిటుకు అంతా కడగడంలోనే ఉంది. లైకోరిన్ నీటితో తొలగిపోతుంది. గడ్డను తురిమి, నీటిలో వేసి, పిండిని అడుగుకు దిగనిచ్చి, పైనీరు వంచేసి, మళ్లీ కొత్త నీరు పోయాలి. ఇలా పలుమార్లు చేస్తే విషం పోయి పిండి మిగులుతుంది. ఒక్కసారి తక్కువ కడిగినా ప్రమాదమే. మన అడవి ప్రాంతాలలో కొన్ని చేదు దుంపలను రాత్రంతా పారే నీటిలో ఉంచి తినే పద్ధతి తెలిసినవారికి ఈ జ్ఞానం స్వరూపం వెంటనే బోధపడుతుంది. దీనిని పుస్తకం నుండి నేర్చుకోలేరు. ఇంట్లో పెద్దవారు చేస్తుండగా చూసి నేర్చుకోవాలి.

జపానులో 1732 నాటి క్యోహో కరువు, 1780లలోని తెన్‌మెయి కరువు, 1830లలోని తెన్‌పో కరువు పల్లెలను తుడిచిపెట్టాయి. అటువంటి కాలాల్లో వరి పోయినా గట్టు మీద గడ్డ మిగిలేది. పంట కాదు కాబట్టి మామూలు రోజుల్లో దాన్ని ఎవరూ తవ్వరు. పూజకు పనికిరాదు, ఇంట్లో పెట్టకూడదు, తెంపితే ఇల్లు తగలబడుతుంది, ముట్టుకుంటే చేతులు పాడవుతాయి అని పిల్లలకు చెప్పేవారు. శవపుష్పం, భూతపుష్పం, నరకపుష్పం, మంగలికత్తి పువ్వు, విడిచిపెట్టిన బిడ్డ పువ్వు, నక్క దివిటీ అంటూ ప్రాంతీయ మాండలికాలలో దీనికి వందల పేర్లు ఉన్నాయి. వాటిలో అధికభాగం భయపెట్టే పేర్లే.

ఈ భయం దేనికోసం? పిల్లలను విషం నుండి కాపాడటం ఒక ప్రయోజనం. దానితోపాటు, ఆపత్కాలపు గింజలగాదెను ఎవరూ ముందే తెరవకుండా కాపాడటం మరొక ప్రయోజనమని భావించేవారు జపాను పరిశోధకులలో ఉన్నారు. నేను ఈ రెండవ వాదం వైపే మొగ్గుతున్నాను. కేవలం విషమే కారణమైతే, ఇంటి దగ్గర, పిల్లలు తిరిగే బాటల పక్కన ఇంత శ్రమపడి ఒక్కొక్క గడ్డనూ నాటవలసిన అవసరం లేదు. ఎలుకలే కారణమైతే గుడి ఆవరణల్లో అన్ని ఎందుకు? అందరికీ దగ్గరలో, ఎవరూ తాకని విధంగా, అధికారుల లెక్కల్లోకి రాకుండా పెట్టుకున్న నిల్వ అని అనుకుంటేనే ఈ నాటిన చోట్లన్నీ ఒక తీరుగా అర్థమవుతాయి. అయితే నాటినవారు తమ ఉద్దేశాన్ని రాసిపెట్టలేదు. చదువు లేనివారి చరిత్రకు ఇదే ఇబ్బంది. వారి పత్రం మొక్కే, మొక్క నాటిన చోటే.

కొరియాలో ఉపయోగం మరొకటి. అక్కడి బౌద్ధవిహారాలలో గడ్డ నుండి తీసిన పిండిని జిగురుగా చేసి గ్రంథాల కూర్పులోనూ చిత్రాలలోనూ వాడారని చెబుతారు. విషం వల్ల పురుగు పట్టదు. గోచాంగ్‌లోని సొనున్‌సా, యొంగ్‌గ్వాంగ్‌లోని బుల్గప్సా విహారాల చుట్టూ నేటికీ సెప్టెంబరులో ఎర్రటి తివాచీలా పూలు పరచుకుంటాయి.

5. పడమటికి

ఐరోపాలో ఈ మొక్క కథ పొరపాటుతో మొదలైంది. ఇంగ్లీషు కాలువలోని గెర్న్‌సీ దీవిలో పెరిగే ఒక ఎర్ర పువ్వు, జపాను నుండి వస్తూ పగిలిపోయిన ఓడ నుండి ఒడ్డుకు కొట్టుకొచ్చిందని 17వ శతాబ్దం నుండి నమ్మేవారు. నిజానికి అది దక్షిణాఫ్రికాకు చెందిన నెరీన్. జపానులో దానివంటి పువ్వు ఉండటం ఆ నమ్మకానికి బలమిచ్చింది. 1775లో జపాను చేరిన స్వీడన్ శాస్త్రవేత్త థున్‌బెర్గ్ కూడా తన 1784 నాటి గ్రంథంలో జపాను మొక్కకు గెర్న్‌సీ పువ్వు పేరే వాడాడు. ఫ్రెంచి శాస్త్రవేత్త లెరితియే దానిని వేరే జాతిగా అమరిల్లిస్ రేడియేటా అన్నాడు. 1819లో ఇంగ్లండుకు చెందిన విలియం హెర్బర్ట్ లైకోరిస్ అనే ప్రజాతిని ఏర్పరచాడు. లైకోరిస్ రోమన్ కవి గాలస్ తన ప్రేయసికి పెట్టుకున్న కావ్యనామం. ఆమె అసలు పేరు సితెరిస్. దాస్యవిముక్తి పొందిన నటి, మార్క్ ఆంటొనీకి ప్రియురాలు. గాలస్‌ను విడిచి వెళ్లింది. కొరియా ‘సాంగ్సాహ్వా’ గురించి హెర్బర్ట్‌కు తెలిసి ఉండే అవకాశం తక్కువ. అయినా విరహమే ఇక్కడా పేరయింది.

అమెరికాకు వచ్చిన విధానం గురించి ఒక కుటుంబ జ్ఞాపకం ప్రసిద్ధంగా ఉంది. కమొడోర్ పెర్రీ నౌకాదళంతో జపాను వెళ్లిన కెప్టెన్ విలియం రాబర్ట్స్ 1854 ప్రాంతంలో 3 ఎండు గడ్డలను నార్త్ కరొలైనాలోని న్యూబెర్న్‌కు తెచ్చాడని, అవి చాలా ఏళ్లు చలనం లేకుండా ఉండి అంతర్యుద్ధ కాలంలో గానీ పూయలేదని ఆ కథ. దక్షిణ రాష్ట్రాలలో తుఫానుల ఋతువులో పూస్తుంది కనుక దానికి ‘హరికేన్ లిల్లీ’ అనే పేరు వచ్చింది. అక్కడ అది పాత ఇళ్ల ముంగిట పూచే ముచ్చటైన పువ్వు. చావు, నరకం, భూతం ఏవీ దానితో ఓడ ఎక్కలేదు. గడ్డ వెళ్లింది గానీ ఆకలి జ్ఞాపకం వెళ్లలేదు.

6. నిషేధం సడలిన తీరు

20వ శతాబ్దంలో జపానులోనే ఈ పువ్వు పట్ల దృష్టి మారింది. నీమి నాన్‌కిచి 1932లో ప్రచురించిన ‘గోన్ అనే నక్క’ కథలో ఒక శవయాత్ర సందర్భంలో ఈ పూలు కనిపిస్తాయి. ప్రాథమిక పాఠశాల వాచకాలలో స్థానం పొందిన కథ కావడంతో తరాల పిల్లలు ఈ పువ్వును మొదట కథలోనే కలుసుకున్నారు. 29 ఏళ్లకే 1943లో మరణించిన నాన్‌కిచి స్వస్థలమైన హందాలో యకాచి నది గట్ల మీద ఆయన స్మృతిగా నాటిన గడ్డలు నేడు లక్షల్లో పూస్తున్నాయి. ఓజు యసుజిరో 1958లో తీసిన తన తొలి వర్ణచిత్రానికి ఈ పువ్వు పేరే పెట్టాడు. అందులో భూతాలు లేవు, కూతురి పెళ్లికి సమ్మతించలేని ఒక తండ్రి ఉన్నాడు. సైతామా ప్రాంతంలోని కించకుదాలో కోమా నది మలుపులో సుమారు 50 లక్షల మొక్కలున్నాయని లెక్క. వరదల్లో కొట్టుకువచ్చిన గడ్డలే అక్కడ విస్తరించాయని చెబుతారు. సెప్టెంబరు చివర జనం రైళ్లలో తరలివచ్చి చూస్తారు.

కరువులో తినడానికి నాటిన గడ్డ చూడటానికి మిగిలింది. గడ్డను ఎన్నిసార్లు కడగాలో తెలిసిన చేతులు మాత్రం తగ్గిపోయాయి. మరో వైపు 1950లలో ఇదే కుటుంబపు మొక్కల్లో గుర్తించిన గలాంటమిన్ అనే ఆల్కలాయిడ్, లైకోరిస్ గడ్డలోనూ ఉన్నది, అల్జైమర్స్ వ్యాధిలో మతిమరుపుకు మందుగా వాడుకలోకి వచ్చింది. పరలోకం దారిలో గతాన్ని మరిపించే పువ్వుగా చైనా జానపదులు చెప్పుకునే మొక్క జ్ఞాపకశక్తికి మందు కావడం యాదృచ్ఛికమే. ఇందులో ప్రాచీనుల దివ్యజ్ఞానాన్ని వెతికేవారితో నేను ఏకీభవించలేను.

7. మెట్ల పక్కన

తిరిగి మా తోటకు వస్తే, అక్కడ పెరుగుతున్నది హైమెనోకాలిస్. తీరాంధ్ర వాతావరణంలో అది ఏడాది పొడవునా ఆకులతో ఉంటుంది. వానలు పడగానే పూస్తుంది, సాయంత్రం వేళ పరిమళిస్తుంది. పువ్వూ ఆకూ ఒకదాన్నొకటి రోజూ చూసుకుంటాయి. గడ్డ చుట్టూ వచ్చే పిల్లలను వేరుచేసి నాటితే చాలు. ఎర్ర లైకోరిస్ గడ్డలు ఇప్పుడు వ్యాపారంలో దొరుకుతున్నాయి గానీ, చలికాలపు మెత్తటి ఎండలో ఆకులు పెంచుకునే ఆ మొక్కకు మన తీరప్రాంతపు వేడి, వానాకాలంలో నిలిచే నీరు అనుకూలించవు. కొనేవారు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. ఇక ఇంట్లో నాటవచ్చునా అన్న ప్రశ్నకు సమాధానం సూటిగానే ఉంది. నాటవచ్చు. హైమెనోకాలిస్ గడ్డలోనూ లైకోరిన్ ఉంటుంది కనుక దాన్ని ఉల్లిగడ్డ అనుకొని పిల్లలు నోట పెట్టకుండా, పశువులు మేయకుండా చూసుకోవాలి. నిషేధంలో ఆమాత్రం విషయం నేటికీ చెల్లుతుంది.

విద్యార్థిని రాసుకొచ్చిన పలకను నేను పారేయలేదు. దాని వెనుకవైపు ఆమెచేతనే మళ్లీ రాయించాను. ‘హైమెనోకాలిస్. స్వస్థలం అమెరికా. గడ్డ విషం, తినరాదు.’ హిగన్‌బనా అన్న పాత రాత గోడవైపుకు తిరిగి ఉంది.